రైలమ్మ పెరట్లో నిమ్మ తొక్కలు

పండిన నిమ్మకాయ తొక్క తురిమితే ఆ వాసన చేతులకు పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. వికారాబాద్‌లో మా వంటింట్లో ఈ ఉదయం కూడా అదే పని. ఎవరింట్లోనో పుట్టినరోజు ఉంది, లెమన్ కేక్ కావాలన్నారు. తురుమును చక్కెరలో వేసి వేళ్ళతో నలుపుతుంటే చక్కెర లేత పసుపుకు తిరిగింది, గదంతా గుప్పుమంది. ఆ వాసనకు మిగతావాళ్ళకు నోరూరుతుంది. నాకు మాత్రం ముందు అనుమానం పుడుతుంది. గుడ్లు మంచివేనా, వెన్నలో ఏమైనా కలిపారా, బేకింగ్ పౌడరు డబ్బా దుకాణంలో ఎన్నాళ్ళు మగ్గిందో, ఈ వాసన వీధిలోకి పోతే ఎవరేమనుకుంటారో. నవ్వకండి, ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఒకావిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నది. ఆవిడ పేరు అనసూయమ్మ. తాండూరులో మా గల్లీ వాళ్ళు ఆమెను రైలమ్మ అనేవారు. నిమ్మకాయలతో మిఠాయిలు చేయడం, దేన్నీ ఊరికే నమ్మకపోవడం, ఈ రెండూ ఆవిడ నాకు ఒకేసారి నేర్పింది. ఆవిడను చూసినవాళ్ళు ఇప్పుడు పెద్దగా లేరు కాబట్టి, నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

నేను పూడూరు పిల్లను. మా పుట్టింటివాళ్ళకు గొర్రెల మంద ఉండేది. పెళ్ళయి తాండూరు వచ్చినప్పుడు నాకు నాపరాళ్ళ దుమ్ము కొత్త, గల్లీ కొత్త, అత్తమ్మ కొత్త. మా ఆయన రాళ్ళ పాలిష్ యూనిట్‌లో పని చేసేవాడు, గల్లీలో చాలామంది మగవాళ్ళ పని కూడా అక్కడే. కొత్త కోడలంటే గల్లీకి సహజంగానే అనుమానం. ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతుంది, కూరలో నూనె ఎంత పోస్తుంది, పుట్టింటికి ఏం చేరవేస్తుంది. ఎవరింటి గుమ్మం దాటినా వెనక నుంచి కళ్ళు గుచ్చుకునేవి. అయినా నా కంటే ఎక్కువ చూపులు మోసే మనిషి ఒకావిడ అక్కడ ఉందని తొందరగానే అర్థమైంది. మా పక్కింటి యజమాని శరణప్ప ఇంటి వెనక భాగంలో అద్దెకుండే అనసూయమ్మ. పుట్టిల్లు మర్పల్లి వైపు భూములున్న కుటుంబం. భర్త రైళ్ళలో గార్డుగా చేసి, ఆఖరికి తాండూరులో ఉండగా పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి పోలేదు, అత్తింటికి పోలేదు. ఒంటరి ఆడమనిషి ఎవరి ఇంటికీ పోకుండా తనంతట తాను బతకడమే మా గల్లీకి పెద్ద అనుమానం. దానికి తోడు ఆ నిమ్మకాయలు.

ప్రతి సంతకూ ఆవిడ సంచీ నిండా నిమ్మకాయలు, ఒక అట్టనిండా గుడ్లు తెచ్చుకునేది. తలుపు మూసుకునేది. మా అత్తమ్మ మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్నట్టు నటిస్తూ ఆ వంటింటి కిటికీ వైపే చూసేది.

"అన్ని నిమ్మకాయలు ఏం చేస్తదే? పచ్చడి పెడ్తదా అంటె ఎండల ఒక్క జాడీ కనబడది. షర్బత్ చేస్తదా అంటె ఆమె ఇంటికి ఒక్క చుట్టం రాడు" అనేది నాతో.

"కేకులు చేస్తదంట అత్తమ్మా. రైల్వే క్వార్టర్లోళ్ళు కొనుక్కపోతరంట."

"నువ్వు చూసినవా?"

"చూడలె."

"మరి? నువ్వు పోయి చూసి రా. తోడుకు మజ్జిగ కావాలన్నదని నా పేరు చెప్పు" అని గిన్నె చేతికిచ్చింది. నా మీద గూఢచారి పని అలా పడింది.

తలుపు కొడితే కొంచెమే తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను, కళ్ళద్దాల అంచు కనబడ్డాయి. "మజ్జిగ కావాలట అత్తమ్మకు" అన్నాను. అనసూయమ్మ గిన్నె వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. "మీ ఇంట్ల రెండు బర్లున్నయ్. మజ్జిగకు నా దగ్గరికొచ్చినవా?" అంది. నేను గిన్నె కొంగు వెనక్కి దాచుకున్నాను. ఆవిడ తలుపు మొత్తం తీసింది. "లోపలికి రా బిడ్డా. చూడకుండ పోయి చెప్పేకంటె, చూసి పోయి చెప్పు. నాకు గదే మంచిది."

లోపల ఒక బల్ల మీద నున్నగా పాలిష్ పట్టిన నాపరాయి పలక పరిచి ఉంది. దాని మీద పిండి ఒత్తుతోంది. వేసవిలో కూడా ఆ రాయి చల్లగా ఉంటుందట, పిండిలో వెన్న కరగదట. పక్కన అల్యూమినియం గుండ్రటి కరెంటు ఓవెన్, దాని మూతలో చిన్న అద్దం. అద్దంలోంచి చూస్తే పిండితో చేసిన పళ్ళెం, దాని నిండా కందులు. కందులు! వాటిని కాలుస్తోంది, కానీ వండడానికి కాదు. తాండూరులో కందులంటే ఎంత విలువో నాకు తెలుసు. ఏదో చేయకూడని పనే చేస్తోందనుకున్నాను. నా మొహం చూసి ఆవిడే చెప్పింది. పిండి పొంగకుండా బరువు కోసం అట, అవే పాత కందులు ఎప్పుడూ వాడుతుందట, వాటిని ఎవరికీ వండిపెట్టదట. తర్వాత చల్లారిన ఇంకో పిండి పళ్ళెంలో, దాన్నే టార్ట్ అంటారట, పసుపు పచ్చని నిమ్మ క్రీమ్ నింపి, ముక్క కోసి నా ముందు పెట్టింది. దాని మెరుపు చూస్తే ఆశ, భయం రెండూ కలిగాయి.

"ముందు మీరు తినుండ్రి" అన్నాను. నోరు జారిపోయింది. కొత్త కోడలి నోట రావాల్సిన మాట కాదు అది.

అనసూయమ్మ మొదటిసారి నవ్వింది. "మంచిగ అడిగినవ్. నేనైనా గట్లనే అడుగుదును" అని అదే ముక్కలోంచి సగం కొరికి తిని, మిగతాది నాకిచ్చింది. నిమ్మ పులుపు నాలుక అంచుల మీద కొట్టి, వెంటనే తీపి వచ్చి, అడుగున వెన్న కరకరలాడింది. ఇంటికి వెళ్ళి అత్తమ్మతో కేకులే చేస్తోంది అని చెప్పాను. "తిన్నవా?" అంది అత్తమ్మ భయంగా. తినలేదని చెప్పాను. ఆ ఇంట్లో నేనాడిన మొదటి అబద్ధం నిమ్మ టార్ట్ కోసమే.

ఆ తర్వాత మధ్యాహ్నాలు, అత్తమ్మ కునుకు తీసినప్పుడల్లా ఆ ఇంటికి పోయేదాన్ని. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు పక్కింట్లో ఇంజన్ డ్రైవర్ భార్య ఒకామె, డాలీ అని, ఇవన్నీ నేర్పిందట. డాలీ చెప్పింది కూడా ఈవిడ నమ్మలేదు. ప్రతిదీ తనే చేసి చూసుకుని, తప్పయితే డాలీతో తగువు పెట్టుకుందట. గుడ్డు కొనగానే నీళ్ళలో వేసేది, మునిగితేనే ఇంట్లోకి రానిచ్చేది. మునిగినదాన్ని కూడా విడిగా ఒక గ్లాసులో కొట్టి, వాసన చూసి, అప్పుడే గిన్నెలో పోసేది. బేకింగ్ పౌడరు చిటికెడు వేడి నీళ్ళలో వేసి నురగ వస్తేనే వాడేది. తొక్క తురిమేటప్పుడు తెల్ల పొర తగిలితే చేదెక్కుతుందని, ప్రతిసారీ కాస్త తురుము నాలుకకు రాసుకునేది. నిమ్మరసం, చక్కెర, పచ్చసొనలు కలిపి మరిగే నీళ్ళ గిన్నె మీద తిప్పుతుంటే పక్కనుంచి కదలనిచ్చేది కాదు. "గడియారం అబద్ధం చెప్తది. చెంచా వీపు మీద గీత గీసి చూడు. గీత నిలిస్తే దించు. నిలవకపోతే గడియారం ఎంత మొత్తుకున్నా దించకు" అనేది.

తెల్లసొనలు గిలకొట్టడం నాకు నేర్పిన రోజు బాగా గుర్తు. చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టి, "అయింది పెద్దమ్మా" అన్నాను. "అయిందని ఎట్ల తెలుసు?" అంది. చూస్తే తెలుస్తోంది కదా అన్నాను. "గట్లయితె గిన్నె నీ నెత్తి మీద బోర్లించు" అంది. నేను అటూ ఇటూ చూశాను. ఆ రోజే తల స్నానం చేసి ఉన్నాను. "భయమైతున్నదా? అంటె నీ పని మీద నీకే నమ్మకం లేదు. ఇంకింత గిలకొట్టు" అని గిన్నె తిరిగి ఇచ్చింది. ఇంకాసేపు గిలకొట్టి, కళ్ళు మూసుకుని, గిన్నె నెత్తి మీద బోర్లించాను. ఏమీ పడలేదు. నాకు ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. పుట్టింట్లో గానీ, అత్తింట్లో గానీ నేను చేసిన పనిని ఎవరూ అంత శ్రద్ధగా శంకించలేదు, అంత శ్రద్ధగా ఒప్పుకోనూ లేదు.

ఆవిడ మీదికి అసలు ముప్పు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే గుడ్డు పెంకుల సంగతి చెప్పాలి. శరణప్ప వాళ్ళు గుడ్డు ముట్టరు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడే, కన్నడం కలిసిన తెలుగులో, "నీనేమైనా చేస్కో అమ్మా, నా కంటికి పెంకు కనబడొద్దు. చెత్తకుండీల వెయ్యొద్దు, అందరు చూస్తరు" అన్నాడట. అందుకని అనసూయమ్మ గుడ్డు పెంకులు, పిండిన నిమ్మ చెక్కలు పొద్దుగూకే వేళ పెరట్లో గుంత తీసి పాతిపెట్టేది. యజమానికి ఇచ్చిన మాట కోసం చేసిన పని. కానీ నిమ్మకాయలు, గుడ్లు, తవ్విన మట్టి, ఒంటరి ఆడది, చీకటి పడే వేళ అన్నీ ఒకచోట చేరితే మా వైపు జనానికి ఇంకో పేరు తోచక తప్పదు. బాణామతి. ఎవరో గిట్టనివాళ్ళు మంత్రించి పాతిపెడితే మనిషి పానం కుంగిపోతుందనే భయం. చదువుకున్నవాళ్ళు కూడా ఆ మాట గొంతు తగ్గించి అంటారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎదురింటి చంద్రమ్మ కొడుకు మల్లేశానికి కడుపునొప్పి పట్టుకుంది. మా ఆయనతో పాటు యూనిట్‌లో బండలు ఎత్తేవాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. నొప్పి మొదలైన రోజు అతని బిడ్డ పుట్టినరోజు, అనసూయమ్మ ఇచ్చిన నిమ్మ టార్ట్ అతను తిన్నాడు. అది గల్లీ మరిచిపోలేదు. ఆపైన ఒక అమావాస్య పొద్దున కుక్కలు పెరడు తవ్వి, మట్టి అంటిన నిమ్మ చెక్కలు, పెంకులు మూడు బాటలు కలిసే చోట పడేశాయి. వాటి చుట్టూ జనం గుండ్రంగా నిలబడ్డారు. ఎవరూ వంగి ముట్టలేదు. కుక్క పంటి గాట్లు ఉన్నాయా అని ఒక్కరూ చూడలేదు. పాలిష్ యూనిట్ మేస్త్రీ బాలప్ప మాత్రం, "గసొంటోళ్ళ పండ్లు పీకితె మంత్రం పారదంటరు. వెనకట గట్లనే చేసేటోళ్ళు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవరూ అతన్ని ఆపలేదు. అంతవరకూ వాళ్ళు ఆవిడను ఇల్లు ఖాళీ చేయిస్తారేమో అనుకున్నాను. ఆ నవ్వు చూశాక ఆవిడ ప్రాణాల కోసం భయపడ్డాను.

ఆ మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి పోయాను. అత్తమ్మ వద్దంది, అయినా పోయాను. మనసులో ఒక మూల నాకూ పురుగు తొలుస్తూనే ఉంది. ఎందుకు దాచాలి? నాకు తెలియని సంగతి ఇంకేమైనా ఉందా? కడుపులో పెట్టుకుని తిరగడం నాకు చేతకాదు. "పెద్దమ్మా, నువ్వేమన్న చేసినవా మల్లేశానికి?" అని అడిగేశాను.

ఆవిడ కోపగించుకోలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "చెయ్యలె బిడ్డా" అంది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఇన్ని దినాలాయె, గీ ముచ్చట నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే. అడిగెటోళ్ళకు జవాబు చెప్పొచ్చు. అడగనోళ్ళకు ఏం చెప్పాలె?" అంది. నా అనుమానం అక్కడితో పోయింది. ఆ మాట నమ్మదగ్గది కాబట్టి పోయింది, జాలితో పోలేదు.

మర్నాడు పొద్దున బాలప్ప ముందు నడుస్తూ గల్లీలో సగం మంది ఆవిడ గుమ్మం ముందుకు వచ్చారు. చంద్రమ్మ వెనక నిలబడి ఏడుస్తోంది. మా అత్తమ్మ కూడా ఉంది. నేను అత్తమ్మ పక్కనే. పున్నానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలె, లేకుంటే తర్వాత జరిగేదానికి మాది పూచీ కాదు అన్నాడు బాలప్ప. అనసూయమ్మ విన్నది. "పొమ్మంటె పోతనో లేదో తర్వాత చూద్దాం. మీరందరు పని మానుకోని వచ్చిన్రు. ఏం చేస్తనో చూసి పోండ్రి" అని లోపలికి పోయింది. బల్ల వరండాలోకి తెచ్చింది. నేను వెళ్ళి ఇంకో కొస పట్టుకున్నాను. ఓవెన్ తీగను కిటికీలోంచి లోపలి బోర్డుకు కలిపింది. శరణప్ప తన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆవిడ గుడ్ల గిన్నె తెచ్చి అందరి ముందు పెట్టగానే అతను తలుపు వేసుకుని లోపలికి పోయాడు. ఎందుకు పాతిపెట్టిందో చెప్పగలిగిన ఒక్క మనిషీ ఆయనే. ఆ తలుపు మూసుకోవడం నేను ఇప్పటికీ క్షమించలేదు.

పట్టపగలు, అందరి ఎదుట ఆవిడ లెమన్ కేక్ చేసింది. నిమ్మకాయ తురిమి ఆ తురుము అరచేతిలో పెట్టి చూపింది. రసం పిండి, గింజలు తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కో గుడ్డు గ్లాసులో కొట్టి, "వాసన చూడు" అని బాలప్ప ముక్కు ముందు పెట్టింది. అతను వెనక్కి జరిగాడు. కేకు ఓవెన్‌లో పెట్టాక చేయడానికేమీ లేదు. అందరూ నిలబడే ఉన్నారు. మెల్లగా వెన్న, నిమ్మ కలిసిన వాసన వరండా నిండా పరుచుకుంది. నోట్లో ఊరిన నీళ్ళు మింగుతూ ఒక మనిషిని అనుమానించడం ఎంత కష్టమో ఆ మొహాలన్నిటిలో చూశాను. పాపం, ఒక్కరూ కదల్లేదు. కేకు దించి, వేడి మీదే పుల్లతో పొడిచి, నిమ్మరసం చక్కెర పాకం పోసింది. ముక్కలు కోసింది. మొదటిది ఆవిడే తిన్నది. రెండోది నేను తిన్నాను. అత్తమ్మ నా చేతి మీద గిల్లిన మచ్చ రెండు రోజులు ఉంది. మూడో చెయ్యి రాలేదు. అంతా చూశారు, ఏదీ దాచలేదని చూశారు, అయినా ఒక్కరూ ముందుకు రాలేదు.

అప్పుడు చంద్రమ్మ జనాన్ని తోసుకుని వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడింది. "నువ్వే చేసినవో, ఎవ్వలు చేసిన్రో నాకు తెల్వదు. తీసెయ్యి తల్లీ. నాకు వాడొక్కడే."

అనసూయమ్మ వంగి ఆమె భుజాలు పట్టుకుని లేపింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడడం నాకు అదే మొదలు. "నేనే చేసుంటె నేనే తీసేద్దును చెల్లె. నేను చెయ్యలె, అందుకనే తీసుడు నాకు రాదు. దవాఖానకు పోదాం నడువు. నేనొస్త నీతోని" అంది.

అలాగే పోయారు, ఆ రోజు రైల్లోనే, మల్లేశాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వికారాబాద్‌కు. అక్కడ ఆవిడకు తెలిసిన డాక్టరమ్మ చూసి, కడుపులో పుండు అని తేల్చింది. బండలెత్తి నడుము పట్టేస్తే మల్లేశం ఖాళీ కడుపున నొప్పి గోలీలు మింగుతూ వచ్చాడు, అదీ కారణం. పులుపు తగిలినప్పుడల్లా భగ్గుమంటుందట. తిరిగి వచ్చాక అనసూయమ్మ నాతో, "గల్లీ మొత్తం అబద్ధం చెప్పలె బిడ్డా. నా టార్ట్ తినంగనే వానికి నొప్పి లేసింది నిజమే. ఆడిదాక మంచిగనే చూసిన్రు. జర ముందుకు పోయి చూస్తె అయిపోతుండె" అంది. తన పళ్ళు పీకుతామన్న జనంలో కూడా సగం నిజం వెతికి ఒప్పుకున్న మనిషి ఆవిడ. నాకైతే అంత పెద్ద మనసు లేదు.

మందులతో, పథ్యంతో మల్లేశం మెల్లమెల్లగా కోలుకున్నాడు. పనిలోకి పోయాడు. ఇక గండం గడిచిందనుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఒక పొద్దున అనసూయమ్మ గుమ్మం ముందు రెండు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. మర్నాడు కొబ్బరికాయ. వరండాలో అందరి ముందు ఏదో చేసి విరుగుడు పెట్టిందని, అందుకే మల్లేశం లేచి తిరుగుతున్నాడని గల్లీ తీర్మానించింది. డాక్టరమ్మ, గోలీలు, పుండు అన్నీ పక్కకు పోయాయి. బర్రె పాలివ్వడం లేదని ఒకామె వచ్చింది. పెద్దేముల్ నుంచి ఆటో కట్టించుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చారు. బాలప్ప చెప్పులు దూరంగా విడిచి దండం పెట్టాడు. శరణప్ప కూడా తలుపు తీశాడు. దుకాణం నడవడం లేదమ్మా, ఏమన్నా చూడు అన్నాడు. మా అత్తమ్మ నాతో, "ఆమెకు శక్తి ఉందని నాకు ముందునుంచే ఎర్క" అంది గొప్పగా.

"మీకేమొచ్చింది? కేకు చేసిన. మీరంత చూసిన్రు గద!" అని ఆవిడ అరిచేది. ఎంత అరిస్తే అంత వినయంగా తలలూపేవారు. పెద్దవాళ్ళు తమ విద్య దాచుకుంటారని సర్దిచెప్పుకునేవారు. కేకులు కొనుక్కుపోయేవాళ్ళు కూడా వాటిని కళ్ళకద్దుకుని తీసుకుపోతుంటే ఆవిడ మొహం వాడిపోయేది. బాగుందా, పులుపు ఎక్కువైందా అని అడిగితే ఎవరూ నిజం చెప్పేవారు కాదు. ఒకసారి ఆవిడ కావాలనే చక్కెర తక్కువ వేసి ఒక కేకు చేసింది. తిన్నవాళ్ళంతా అమృతం అన్నారు. ఆ రోజు ఆవిడ పొయ్యి దగ్గర కూలబడిపోయింది.

కొన్నాళ్ళకే సామాను కట్టింది. వికారాబాద్‌లో చిన్న ఇల్లు చూసుకుంది. నేను ఏడ్చాను, బతిమాలాను. అప్పుడు పొమ్మంటేనే పోలేదు కదా, ఇప్పుడెందుకు అన్నాను.

"భయపడి పొమ్మన్నప్పుడు పోలె బిడ్డా. అనుమానపడేటోనికి ఎప్పటికన్న చూపెట్టొచ్చు. దండం పెట్టేటోనికి ఏం చూపెట్టాలె? వాడు కండ్లు మూసుకునే ఉంటడు" అంది.

స్టేషన్‌కు నేను, మల్లేశం సామాను మోసుకుని వెళ్ళాం. రైలు రావడానికి ఇంకా సమయం ఉంది. అంతలో చంద్రమ్మ ఆయాసపడుతూ వచ్చింది. రెండు చేతుల్లో ఒక నిమ్మకాయ, దానికి కుంకుమ బొట్టు. "నీ చేతుల పట్టుకోని ఇయ్యి తల్లీ. ఇంట్ల పెట్టుకుంట" అంది. అనసూయమ్మ ఆ నిమ్మకాయ తీసుకుంది. కొంగుతో కుంకుమ తుడిచేసింది. టీ కొట్టు నుంచి నీళ్ళ గ్లాసు, చాకు అడిగి తెమ్మని నన్ను పంపింది. కాయను కోసి నీళ్ళలో పిండింది. సగం తను తాగి, సగం చంద్రమ్మ చేతికిచ్చింది. "తాగు. ఎట్లున్నదో చెప్పు. పుల్లగున్నది, గంతే గద? దీంట్ల ఇంకేం లేదు. చెప్పు" అని బతిమాలినట్టు అడిగింది. చంద్రమ్మ గ్లాసును కళ్ళకద్దుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తీర్థంలా తాగింది. మిగిలిన చుక్కలు నెత్తి మీద రాసుకుంది. అనసూయమ్మ ఆమెనే చూస్తూ నిలబడింది. బాలప్ప మాటలకు కూడా ఓడిపోని మనిషి ఆ క్షణంలో ఓడిపోయింది.

తర్వాత కొన్నేళ్ళకు మేమూ వికారాబాద్ వచ్చేశాం. ఆవిడ ఉన్నన్నాళ్ళు వారంవారం వెళ్ళి కలిసి చేసేదాన్ని. చివరి రోజుల్లో, మంచంలో ఉండి కూడా, నేను తీసుకుపోయిన లెమన్ టార్ట్ రుచి చూసి, "అంచు జర మాడింది. అడుగు బాగున్నది" అంది. అంతకంటే మంచి మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ పోయింది. ఆవిడ పేరు చెప్పి ఏడ్చేవాళ్ళు మా ఇంట్లో తప్ప ఎక్కడా లేరని నాకు బాధ.

ఇప్పుడు నా కేకులకు కాస్త పేరొచ్చింది. అనుమానంతో వచ్చేవాళ్ళంటే నాకు ఇష్టం. గుడ్లు ఎక్కడివి, వెన్న ఏది, నిమ్మకాయేనా సీసాలోదా అని గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళకు ఓపికగా జవాబు చెబుతాను. వాళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ ఇంకో రకం వాళ్ళతో. ఈ ఉదయం కేకు తీసుకుపోవడానికి వచ్చినామె పెట్టెను రెండు చేతులతో పట్టుకుని, "మీ చేతిల ఏదో ఉన్నదక్కా. మేం ఎంత చేసినా గిట్ల రాదు" అంది. ప్రేమగానే అంది. నాకు మాత్రం చంద్రమ్మ మూసుకున్న కళ్ళు గుర్తొచ్చాయి. ఏమీ లేదమ్మా, లోపలికి వచ్చి చూడు అన్నాను. "అయ్యో వద్దక్కా, మీ మీద నమ్మకం ఉన్నది గద" అని నవ్వింది.

ఆ మాట అన్నవాళ్ళను నేను పోనివ్వను. పెట్టె పక్కన పెట్టించి, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోతాను. ఈ రోజూ అదే చేశాను. ఆమెకు ఆలస్యమవుతోందని, ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారని అంటూనే ఉంది. నేను వినలేదు. గ్లాసు ఆమె ముందు పెట్టి, గుడ్డు ఆమె చేతికిచ్చి, నువ్వే కొట్టు అన్నాను.